బారసాలకు బొంత: విశాఖ చెమ్మలో ఆరేలా కుట్టడం

చంటిబిడ్డకు బొంత కుట్టి ఇద్దామనుకునేవాళ్లు ముందు రంగుల గురించి ఆలోచిస్తారు. దండెం గురించి ముందు ఆలోచిస్తే బావుంటుంది. బాలింత ఉన్న ఇంట్లో బొంత రోజుకోసారైనా తడుస్తుంది. విశాఖ గాలిలో ఏడాది పొడవునా చెమ్మే. జూన్ నుంచి నైరుతి జల్లులు, అవి తగ్గాయనుకునేసరికి అక్టోబరులో అంతకన్నా గట్టి వానలు. ఆ రోజుల్లో మందపాటి బొంత తడిస్తే పైకి ఆరినట్టే ఉండి లోపల తడి పట్టుకుని కూర్చుంటుంది. రెండు రోజులకు ముక్కిన వాసన. ఆ తర్వాత అది బిడ్డ కిందికి రాదు, అటక ఎక్కుతుంది.

కాబట్టి లెక్క ఇది: సాయంత్రం ఉతికి పిండి ఫ్యాను కింద వేస్తే తెల్లారేసరికి లోపలి పొరతో సహా ఆరాలి. కొలతలు, పొరలు, కుట్ల ఎడం అన్నీ దీన్నిబట్టే.

కొలత దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. పెద్దదైతే ఎక్కువ కాలం పనికొస్తుందని 45×60 అంగుళాలు కుడతారు. అది బకెట్లో పట్టదు, తడిసాక పిండడానికి ఇద్దరు కావాలి. 36×40 చాలు. ఒళ్లో వేసుకుని పాలివ్వడానికి, నూనె రాసేటప్పుడు కింద పరచడానికి, బోర్లాపడే నెలల్లో నేల మీద వేయడానికి ఇదే వాటం. ఒక మాట: ఇది కింద పరిచే బొంత. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయే చోట వదులుగా కప్పే బొంతలు, దిండ్లు, మెత్తటి పరుపులు ఉండకూడదని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం (అమెరికన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్) స్పష్టంగా చెబుతోంది. బొంత ఇచ్చేటప్పుడు ఈ ముక్క తల్లికి చెప్పడం ఇచ్చేవాళ్ల బాధ్యత.

ఇక పొరలు. పైన చదరపు గుడ్డముక్కలు (గడులు) అతికిన అతుకుల పొర, లోపల పాత నూలు చీర రెండు పొరలు, అడుగున ఒకే గుడ్డ. మొత్తం నాలుగు. మన ఊరికి ఇంతకు మించి అక్కర్లేదు. అరకు, పాడేరు వైపు బంధువులకు పంపేదైతే లోపల ఇంకో పొర ఫ్లానెల్ వేయండి. అక్కడి చలికి అది కావాలి. లోపల చీరకు బదులు వేసే ఫైబర్ షీటు తేలిగ్గా ఉంటుంది, త్వరగానే ఆరుతుంది, కానీ చెమట పీల్చదు, ఉక్కపోతలో బిడ్డ వీపు చెమటతో అతుక్కుంటుంది. బూరుగు దూది దిండ్లకు బావుంటుంది. బొంతలో పోస్తే రెండు ఉతుకులకే ఉండలు కట్టి మూలలకు చేరుతుంది. కొందరు తడి కిందికి దిగకుండా మధ్యలో ప్లాస్టిక్ షీటు పెట్టి కుడతారు. దాని మీద సూది గుచ్చిన ప్రతిచోటా చిల్లే కాబట్టి తడి ఎలాగూ దిగుతుంది, పైగా ఆరడం మాత్రం ఆగిపోతుంది. రబ్బరు షీటు విడిగా, బొంత కింద వేసుకోవాలి.

పాత చీర లోపల వేయడంలో పొదుపు ఒక్కటే కాదు కారణం. ఏళ్ల తరబడి ఉతికిన నూలు ఇక కుంచించుకుపోదు, గంజి మిగలదు, నీటిని వెంటనే పీలుస్తుంది. బీహారు సుజని, బెంగాలు కాంథా బొంతలు పుట్టింది కూడా పాత చీరల పొరల్లోంచే. అయితే పాతది అంటే చివికినది అని కాదు. చీరను కిటికీకి అడ్డంగా పట్టి చూడండి, పోగులు పలచబడిన చోట వెలుగు మచ్చల్లా కనిపిస్తుంది. తర్వాత రెండు బొటనవేళ్లతో గుడ్డను పక్కలకు లాగండి. పర్‌మని చిన్న చప్పుడైనా వస్తే ఆ భాగం వదిలేయాలి. చివికిన గుడ్డ మీద కొత్త దారం రంపంలా పనిచేస్తుంది. నెల తిరగకముందే కుట్టు వెంబడే చీలిపోతుంది.

చీర ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. లోపలి పొర 38×42 కావాలి. ఫాల్ విప్పేసి, ఆ అంచు నుంచి మూడంగుళాలు తీసేస్తే (అక్కడే ఎక్కువ అరుగుతుంది) వెడల్పు 42 మిగులుతుంది. పొడవున 38 చొప్పున కోస్తే ఐదు ముక్కలు రావాలి, అరిగిన చోట్లు పోగా మూడు నాలుగు దక్కుతాయి. ఒక బొంతకు రెండే కావాలి కాబట్టి ఒక చీర ఇద్దరు బిడ్డలకు సరిపోవచ్చు. బాగా వాడి మెత్తబడిన పొందూరు ఖద్దరు పంచె ఇంట్లో ఉంటే దాన్ని లోపల దాచకండి. అడుగు గుడ్డగా వేసి, ఆ వైపే బిడ్డకు తగిలేలా పరచమని చెప్పండి.

పైపొరకు కొత్త గుడ్డ కొనాల్సి వస్తే జగదాంబ, పూర్ణా మార్కెట్ వైపు కొట్లలో పాప్లిన్, కేంబ్రిక్ లాంటి నూలు గుడ్డలు దొరుకుతాయి. లైనింగ్ గుడ్డ అని ఇచ్చేవాటిలో పాలిస్టరు కలిసినవి చాలా ఉంటాయి. అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్ల అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పాలిస్టరు కలిస్తే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. జరీ, అద్దాలు, పూసలు, గుండీలు, లేసు: వీటిలో ఏదీ చంటిబిడ్డ బొంత మీదికి రాకూడదు. మంగళగిరి చీర అంచు ఎంత అందంగా ఉన్నా జరీ బిడ్డ బుగ్గను గీస్తుంది.

కొన్నవన్నీ ముందు ఉతకాలి. గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి పొద్దున్న సబ్బుతో ఉతికితే గంజి వదులుతుంది, కుంచించాల్సిందేదో అప్పుడే కుంచించుకుంటుంది. ఈ పని ఎగ్గొడితే మొదటి ఉతుకులో ఒక్కో గడి ఒక్కోలా దగ్గరికి లాక్కుని బొంతంతా ముడతలు పడుతుంది. ఎరుపు, ముదురు నీలం, కలంకారీ అచ్చు గుడ్డలను విడిగా ఉతకండి. తర్వాత తడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేయండి. తెల్లగుడ్డకు రంగు అంటితే మళ్లీ ఉతకాలి. మూడోసారీ అంటితే ఆ గుడ్డ ఈ పనికి వద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ చెప్పేదే. రంగు వేసే తొట్టిలో ఉప్పుకు పని ఉంది. అద్దకం అయిపోయి కొట్టుకొచ్చిన గుడ్డలో వదులుగా ఉన్న రంగును అది పట్టి ఉంచదు.

కొలతలు ఇలా వస్తాయి. కోసే గడి 5 అంగుళాల చదరం. చుట్టూ పావు అంగుళం కుట్టులో పోగా 4.5 మిగులుతుంది. అడ్డంగా 8, నిలువుగా 9, మొత్తం 72 గడులు, అతికాక 36×40.5. ఆరు రకాల గుడ్డలు తీసుకుంటే ఒక్కో దాంట్లోంచి 12 గడులు. 44 అంగుళాల పన్నా అయితే ఒక పట్టీకి 8 వస్తాయి, కాబట్టి రకానికి రెండు పట్టీలు, అంటే 10 అంగుళాలు. ఇక్కడే కొట్లో పావు మీటరు చాలంటారు. పావు మీటరంటే 9.8 అంగుళాలు, అదీ ఉతకకముందు. 30 సెంటీమీటర్లు అడగండి. అడుగు గుడ్డకు మీటరుంపావు. అంచు పట్టీకి 40 సెంటీమీటర్లు. దీని లెక్క తర్వాత.

గడులు కోయడానికి అట్టముక్క వాడితే పదో గడికల్లా దాని అంచు అరిగి కొలత పెరిగిపోతుంది. పాత ఎక్స్‌రే ఫిల్మును కచ్చితంగా 5×5 కోసి పెట్టుకోండి. అరగదు, కింద గుడ్డ మీది పువ్వూ కనిపిస్తుంది కాబట్టి బొమ్మ గడి మధ్యలోకి వచ్చేలా పెట్టుకోవచ్చు. పడుగు, పేకలకు సమాంతరంగానే కోయాలి. ఏటవాలుగా కోసిన గడి సాగుతుంది, దాని పక్క గడి సాగదు, కుట్టాక అక్కడ పొంగు వస్తుంది. గీతలకు టైలరు చాక్ చాలు. మైనపు చాక్ ఇస్త్రీ వేడికి కరిగి మరక చేస్తుంది.

అతకడంలో కష్టం అంతా పావు అంగుళం మార్జిన్‌ను చివరిదాకా నిలబెట్టడమే. ఒక్కో అంచులో ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పట్టినా కుట్టుకు రెండు మిల్లీమీటర్లు పోతాయి. ఒక వరసలో 7 కుట్లు, 14 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం దాటింది. పక్క వరస సరిగ్గా కుట్టారనుకోండి, రెండూ ఇక ఎక్కడా కలవవు. మిషను ప్లేటు మీద సూది నుంచి పావు అంగుళం దూరంలో టేపు ముక్క అంటించి, గుడ్డ అంచును దాన్ని ఒరుసుకుంటూ పోనివ్వండి. సూది 14 నంబరు, కుట్టు పొడవు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. మొదటి వరస కుట్ల మార్జిన్లన్నీ కుడికి ఇస్త్రీ చేసి, రెండో వరసవి ఎడమకు చేయండి. రెండు వరసలు జోడించేటప్పుడు మార్జిన్లు ఒకదానికొకటి ఎదురొడ్డి మూలలు వాటంతటవే కూడుకుంటాయి. రెండూ ఒకే వైపుకు ఉంటే కూడలిలో దిమ్మ కడుతుంది, చేతి సూది దిగదు.

పొరలు పరచడానికి మంచం పనికిరాదు, నేల కావాలి. టైల్సు గీతలు తిన్నగా ఉంటాయి కాబట్టి అడుగు గుడ్డను వాటికి సరిపెట్టి, మంచివైపు కిందికి పెట్టి, నాలుగు వైపులా టేపుతో అంటించండి. బిగుతుగా ఉండాలి గానీ సాగదీయకూడదు. సాగదీస్తే టేపు తీయగానే ముడుచుకుని పైపొర కుచ్చులు పడుతుంది. దాని మీద చీర పొరలు, చేత్తో నడిమి నుంచి బయటికి నిమురుతూ. ఆ పైన అతుకుల పొర. అడుగు గుడ్డ అన్ని వైపులా రెండేసి అంగుళాలు, చీర పొరలు దాదాపు అంగుళం బయటికి కనిపించాలి.

ఇప్పుడు పిన్నీసులు, బెత్తెడుకొకటి. లెక్కపెట్టి గుచ్చండి, ఎన్నో కాగితం మీద రాసి పెట్టండి, తీశాక మళ్లీ లెక్కపెట్టండి. పొరల మధ్య చిక్కుకున్న ఒక్క పిన్నీసు ఎంత పని చేస్తుందో చెప్పక్కర్లేదు. ఇంకోటి, సముద్రం గాలికి ఇక్కడ సూదులు, పిన్నులు ఇట్టే తుప్పు పడతాయి. పని ఆపి వారం రోజులు పిన్నీసులతోనే మడిచిపెడితే గుచ్చిన ప్రతిచోటా గోధుమరంగు చుక్క. తెల్లగుడ్డ మీదైతే నిమ్మరసం, ఉప్పు రుద్ది ఎండలో పెడితే కొంత పోతుంది, రంగుగుడ్డ మీద ప్రయత్నిస్తే మరకతో పాటు రంగూ పోతుంది. పని ఆగుతుందనిపిస్తే పిన్నీసులకు బదులు జానెడేసి దూరంలో కచ్చా కుట్టు వేసేయండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు సూదుల పెట్టెలో వేసుకోండి.

కుట్టు నడిమి నుంచే మొదలుపెట్టాలి. కర్ణాటకలో సిద్దీ స్త్రీలు కుట్టే కవంది బొంతలు అంచున మొదలై చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతాయి. వాళ్లు ముక్కను అక్కడికక్కడ మడిచి అతుకుతూ వెళ్తారు కనుక మిగులు గుడ్డ ఎక్కడికక్కడే సర్దుకుంటుంది. మనం ముందే అతికేసిన పైపొర మీద అలా చేస్తే మిగులంతా నడుమ పోగై అప్పడంలా ఉబ్బుతుంది.

వరసలు అడ్డంగా వేయాలి, మధ్య ఎడం అంగుళంన్నర. గడికి మూడు వరసలు: అతుకు నుంచి ముప్పావు అంగుళం వదిలి మొదటిది, మరో అంగుళంన్నరకు రెండోది, ఇంకో అంగుళంన్నరకు మూడోది. అడ్డ అతుకు మీద ఏదీ పడదు, సూదికి కూడలి దిమ్మ తగలదు. తొమ్మిది గడులకు 27 వరసలు, ఒక్కోటి 36 అంగుళాలు, కలిపితే దాదాపు 25 మీటర్ల కుట్టు. అంగుళానికి 6 కుట్లు చొప్పున సుమారు 5,800 సార్లు సూది పైకి తేలాలి. భయపెట్టడానికి చెప్పడం లేదు. బారసాలకు మూడు రోజుల ముందు మొదలుపెట్టేవాళ్లకు తెలియాలని.

దారం యాంకర్ కంపెనీ ఎంబ్రాయిడరీ లచ్చి, ఆరు పోగుల్లో రెండేసి తీసుకుని కుట్టాలి. లచ్చి 8 మీటర్లు, రెండేసి పోగులుగా విడదీస్తే 24 మీటర్లు వస్తుంది. వరసల పొడవుకే అది చాలదు, ముడులు, మలుపులు కలుపుకుని రెండు లచ్చులు కొనండి. సూదికి మూరెడు దారమే ఎక్కించాలి. పొడవెక్కితే నాలుగు పొరల్లోంచి అన్నిసార్లు లాగేసరికి పోగులు నలిగి నూగు లేస్తుంది. ముడిని పైపొర మీద నుంచి పుటుక్కుమని లోపలికి లాగేయాలి, పైన గానీ అడుగున గానీ కనపడకూడదు. కుట్టు ఒక్కోటి పావు అంగుళానికి మించితే అడుగున దారం ఉచ్చులా వదులవుతుంది. అందులో బిడ్డ వేలు ఇరుక్కుని దారం చుట్టుకుంటే రక్తం ఆడదు, చూసుకోకపోతే ప్రమాదం. చేతి పని అందం ఈ ఒక్క చోట భద్రతతో కలిసి వస్తుంది: సన్న కుట్టు రెండిటికీ మేలు.

మిషను మీద కుట్టేవాళ్లకు ఒక ఇబ్బంది తప్పదు. కింది పళ్లు అడుగు గుడ్డను లాగినంత వేగంగా పైపొర కదలదు, వరస చివరికి వచ్చేసరికి పైపొర అర అంగుళం మిగిలి మడత పడుతుంది. ఫుట్ మీది స్క్రూ వదులు చేసి ఒత్తిడి తగ్గించండి, కుట్టు పొడవు మూడు, మూడున్నర మిల్లీమీటర్లకు పెంచండి, 16 నంబరు సూది వేయండి. ఒక వరస ఎడమ నుంచి కుట్టి పక్కది కుడి నుంచి కుడితే పొరలు ఏటవాలుగా జరిగిపోతాయి. అన్నీ ఒకే వైపు నుంచి మొదలుపెట్టాలి. పైపొరనూ లాగే వాకింగ్ ఫుట్ మీ మిషనుకు అమరితే కొనడం దండగ కాదు.

తిరగేసి కుట్టే పద్ధతి, అంటే మంచివైపులు లోపలికి పెట్టి చుట్టూ కుట్టి జానెడు సందులోంచి బయటికి తీయడం, గంటలో అయిపోతుంది. కానీ అడ్డ వరసలు వేయకుండా అలాగే ఇచ్చేస్తారు చాలామంది. లోపలి చీర పట్టు లేక మొదటి ఉతుకులోనే ముద్దకడుతుంది.

అంచు పట్టీ రెండున్నర అంగుళాల వెడల్పు, నిలువునా సగానికి మడిచి రెండు పొరలుగా వేయాలి. బిడ్డ చప్పరించేది, లాగేది, ముందు చిరిగేది అంచే. చుట్టుకొలత 153 అంగుళాలు, మూలలకు, చివరి అతుకుకు పదంగుళాలు కలిపితే 163. ఉతికాక 42 మిగిలే పన్నాలో నాలుగు పట్టీలు 168 అంగుళాలు, చాలనిపిస్తుంది. మూడు ఏటవాలు అతుకుల్లో ఏడున్నర అంగుళాలు పోతాయి, 160న్నర మిగిలి చివర రెండున్నర అంగుళాలు తక్కువ పడుతుంది. ఐదు పట్టీలు కోసుకోండి. తిన్నటి అంచులకు క్రాస్ గుడ్డ (ఏటవాలుగా కోసిన పట్టీ) అక్కర్లేదు, మూలలు గుండ్రంగా చేస్తేనే కావాలి. మూలకు వచ్చేటప్పుడు మార్జిన్ ఎంత తీసుకుంటున్నారో అంత దూరం ముందే ఆపి, పట్టీని పైకి మడిచి, మళ్లీ కిందికి మడిచి కుట్టాలి. చివరిదాకా కుట్టేస్తే మూల తిరగదు.

పేరు కుట్టడం గురించి. పేరు పెట్టేదే బారసాల రోజున కాబట్టి ముందే కుట్టి తీసుకెళ్లడం కుదరదు, కొన్ని ఇళ్లలో పుట్టకముందే బిడ్డ వస్తువులు సిద్ధం చేయకూడదనే పట్టింపు కూడా ఉంటుంది. కింది వరసలో ఒక మూల గడిని లేతరంగు సాదా గుడ్డతో వదిలేసి, పేరు తెలిశాక కుట్టండి. తెలుగు అక్షరాలు గుండ్రం, వెనక కుట్టుతో వేసేటప్పుడు వంపుల్లో రెండు మిల్లీమీటర్లకు మించి కుట్టు పడితే సున్నా కాస్తా పలకలు తేలుతుంది. ఒత్తులున్న పేరైతే అక్షరం ఎత్తు కనీసం అంగుళంన్నర ఉంచండి. అప్పటికే పొరలు కలిసిపోయి ఉంటాయి కనుక సూదిని పైపొరలోనే నడిపి, ముడులు లోపలికి తోసేయాలి. నలుపు రంగు గుడ్డ కొందరు ఒప్పుకోరు. పెద్దవాళ్లున్న ఇల్లయితే ముందే అడగడం మేలు.

కుట్టడం అయ్యాక ఒకసారి ఉతికి ఎండలో ఆరేసి అప్పుడు మడవండి. చాక్ గీతలు, చేతి చెమట పోతాయి, విడిపోయే కుట్టేదైనా ఉంటే మీ ఇంట్లోనే బయటపడుతుంది. కంఫర్ట్ లాంటివి వేయొద్దు, నూలు మీద పూత పట్టి తడి పీల్చడం తగ్గుతుంది. ఇచ్చేదాకా బీరువాలో పెట్టాలంటే కలరా ఉండలకు దూరంగా పెట్టండి. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డకు నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉందో లేదో పుట్టిన కొత్తలో చాలా ఇళ్లలో తెలియదు. ఎండబెట్టిన వేపాకు పలచటి గుడ్డలో మూటకట్టి పక్కన పెడితే చాలు.

ఇచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, తువ్వాలులో చుట్టి ఇవ్వండి. మిగిలిన గడులు నాలుగైదు, మూరెడు అంచు పట్టీ, కొంచెం దారం ఒక చిన్న సంచిలో వేసి దాంతో పాటే ఇస్తే, ఏడాదికి చిరిగిన చోట వాళ్లే అతుకు వేసుకుంటారు. ఉతికిన ముక్కలే ఇవ్వాలి. ఉతకనిది వేస్తే అతుకు కుంచించుకుని చుట్టుపక్కల గుడ్డను కూడా లాగేస్తుంది.